టీజర్‌ని రీల్‌గా మార్చేటప్పుడు

స్కోప్‌లో, అంటే థియేటర్ తెరకి సరిపోయే వెడల్పాటి ఫ్రేమ్‌లో, కట్ చేసిన టీజర్‌ని అలాగే రీల్‌గా పెట్టేస్తే పైనా కిందా నల్ల పట్టీలొచ్చి హీరో ముఖం అగ్గిపెట్టెంత అయిపోతుంది. 1080 బై 1920 నిలువు ఫ్రేమ్‌లో ప్రతి షాట్‌నీ విడిగా సర్దాల్సిందే. ఇద్దరు ఎదురెదురుగా నిలబడ్డ షాట్‌ని మధ్యకి క్రాప్ చేస్తే మిగిలేది వెనకున్న గోడే. మాట్లాడేవాళ్ల వైపు జరపండి, లేదా ఇద్దర్నీ పైనొకరు కిందొకరుగా పేర్చండి. రిలీజ్ తేదీ మాత్రం అడుగున వేయొద్దు, క్యాప్షన్ కప్పేస్తుంది.

అమీర్‌పేట మెట్రోలో సౌండ్ లేకుండా చూసేవాళ్ల కోసం డైలాగ్‌ని తెరమీద తెలుగు అక్షరాల్లో వేయండి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఒత్తులు విడిపోతుంటాయి, అందుకే ఎక్స్‌పోర్ట్ అయ్యాక ఫోన్‌లో ఒక్కో అక్షరం చదవాలి. తప్పు తెలుగుతో సినిమా పేరు బయటికెళ్లడం కంటే గంట ఆలస్యం నయం.

థియేటర్లవాళ్లకి పోస్టర్‌ని వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపండి. ఫొటోగా పంపితే సన్న అక్షరాలు అలుక్కుపోతాయి.