కలం వదిలే చెయ్యి

పక్షవాతం వచ్చాక నా కుడి చేతికి గుప్పిట మూసుకోవడం ఆరో వారంలో వచ్చింది. తెరుచుకోవడానికి ఐదో నెల పట్టింది.

పక్షవాతం వచ్చిన చెయ్యి అంటే వేలాడిపోయిన చెయ్యే అందరికీ గుర్తొస్తుంది. మొదటి రోజుల్లో అది నిజమే. కొన్ని వారాలు గడిచాక చాలామందికి వేళ్ళు మడిచే కండరాలు బిగుసుకోవడం మొదలవుతుంది. వేళ్ళు చాచే కండరాలు మాత్రం వెనకే ఉండిపోతాయి. గ్లాసు పట్టుకోగలం, కింద పెట్టలేం. తలుపు గొళ్ళెం పట్టుకుంటే మనమే దానికి చిక్కుకుపోతాం. చూసేవాళ్ళు "పట్టు వచ్చేసిందే!" అని సంబరపడతారు.

నాది మెదడు ఎడమవైపు రక్తనాళంలో గడ్డ. 56వ ఏట వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు, కొంత మాట పోయాయి. బీపీ మాత్రలు "బాగానే ఉందిగా" అని మూడు నెలలు మానేసిన ఘనత నాదే. గడ్డ కరిగించే ఇంజెక్షనుని మామూలుగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు. నిద్రలేచేసరికే చెయ్యి పడిపోయి ఉంది కాబట్టి ఎప్పుడు మొదలైందో చెప్పలేకపోయాం. మూతి వంకరపోయినా, చెయ్యి ఎత్తితే వాలిపోతున్నా, మాట ముద్దగా వస్తున్నా ముందు టైము రాసుకోండి. సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి నేరుగా వెళ్ళండి. నాటుమందు కట్టు కట్టించుకుందామని దారి మళ్ళితే పోయేది ఆ గంటలే.

తొలి నెలలో చేసిన పనులు చిన్నవే. పడుకున్నా కూర్చున్నా చేతి కింద దిండు. లేపేవాళ్ళు చంకలో చెయ్యి వేసి లాగకూడదు, పట్టు తప్పిన భుజం కీలు జారుతుంది, ఆ నొప్పి నెలల తరబడి వదలదు. ఆ తర్వాత మెత్తటి పుట్టీ ముద్ద ఇచ్చి పిసకమన్నారు. పుట్టీ పిసకడం మాత్రమే నేర్పుతుంది. నా చేతికి కావాల్సింది వదలడం. అప్పుడే కలంకారీ కలం గుర్తొచ్చింది, వదిలేసిన 31 ఏళ్ళ తర్వాత.

శ్రీకాళహస్తి కలంకారీ పనిని మా పెద్దవాళ్ళు వ్రాతపని అనేవాళ్ళు. అచ్చులతో అద్దే బందరు పనికి అద్దకం అని వేరే పేరుంది. మనది పూర్తిగా చేతి గీత. కలం అంటే మొన తీసిన వెదురు పుల్ల, మొనకి అంగుళం పైన చుట్టిన ఉన్ని లేదా గుడ్డ, దాని మీద బిగించిన దారం. ఉన్నిని ద్రావకంలో ముంచి, బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలితో దాన్ని నొక్కితే ద్రవం మొనకి దిగుతుంది. పట్టు సడలిస్తే ఆగుతుంది. గీత మొదలయ్యే చోట ఎంత నొక్కాలో తెలియాలి, ముగిసే చోట వదలడం రావాలి. వదలకుండా కలం ఎత్తితే అక్కడ బొట్టు పడుతుంది. పెన్సిలు ఈ తప్పును దాచేస్తుంది, కలం దాచదు.

గుడ్డ తయారీ ఇలా. గంజి పోయేలా ఉతికి ఆరేసిన గాడా గుడ్డ (ముతక నూలు గుడ్డ) ఒక మీటరు. 60 గ్రాముల కరక్కాయ పొడి (గింజ తీసేసిన పెచ్చులదే), అర లీటరు నీళ్ళు, అర లీటరు పచ్చి గేదె పాలు. పొడిని నీళ్ళలో కలిపి వడకట్టాక పాలు పోయాలి. గుడ్డ మొత్తం మునిగేలా అరగంట పైన నానబెట్టి, ఒకే తీరున పిండి, మడతలు లేకుండా ఎండలో ఆరేయాలి. పాలలో కొవ్వు ఉంటేనే గీత పక్కకి పాకదు. ప్యాకెట్టు టోన్డ్ పాలతో చేసిన నా మొదటి గుడ్డ మీద ప్రతి గీతా గొంగళిపురుగులా వెంట్రుకలు వేసింది. ఇనుప హుక్కు, తుప్పు పట్టిన తీగ మీద మాత్రం ఆరేయొద్దు, తగిలిన చోటల్లా నల్లమచ్చ పడుతుంది.

కరక్కాయకి ఇనుము తగిలితే అలా నల్లబడుతుంది. నల్లగీతకి వాడే ద్రావకం, కసిం, పనిచేసేదీ అదే సూత్రం మీద. ఐదు లీటర్ల నీళ్ళు, అర కిలో తుప్పు ఇనుప ముక్కలు, పావు కిలో పాత బెల్లం, కొంచెం తాటిబెల్లం. మట్టికుండలో వేసి, మూతికి గుడ్డ కట్టి, రెండు మూడు వారాలు ఉంచాలి. నురగ వచ్చి తగ్గుతుంది. వాసన గురించి ఇంట్లోవాళ్ళకి ముందే చెప్పి ఉంచండి. వడకట్టిన నీరు చూడటానికి పేలవంగానే ఉంటుంది, కరక్కాయ గుడ్డకి తగలగానే నలుపెక్కుతుంది. బూడిదరంగుకే ఆగితే ఇంకో వారం ఉంచాలి. మరీ చిక్కబడితే ఇనుము గుడ్డను తినేస్తుంది. పాత గుడ్డల్లో నల్లగీత వెంబడే చిరుగులు ఎందుకుంటాయో ఇప్పుడు అర్థమవుతుంది కదా.

ఈ నలుపు చెరగదు. చేతికి చికిత్స జరుగుతున్నప్పుడు ఇది కోపం తెప్పించే గుణమే, కానీ నాకు పనికొచ్చింది కూడా ఇదే. ప్రతి ముక్క మూలనా తారీఖు వేసి దాచాను. మే నెల బొట్టుని సెప్టెంబరు బొట్టు పక్కన పెట్టి చూపిస్తే ఫిజియోథెరపిస్టుకి నేను వేరే ఏమీ చెప్పనక్కర్లేకపోయింది.

అయితే నేరుగా కసింతో మొదలుపెట్టలేదు. మొదటి మూడు వారాలూ మామూలు నీళ్ళు, పాత న్యూస్‌పేపరు. మొన ఆనించు, నొక్కు, వదులు, ఆ తర్వాతే ఎత్తు. ఆ వరసలో చుక్కలు, పూటకి ముప్ఫై. వదలకముందే ఎత్తేస్తే కాగితం మీద తడి ముద్ద కనిపిస్తుంది. ఆ తర్వాత సగం నీళ్ళు కలిపిన కసింతో పది సెంటీమీటర్ల గీతలు. ఉన్ని లావుగా చుడితే పట్టుకోవడం సులువవుతుందని నిమ్మకాయంత చుట్టాను, అది తప్పు. లావు ఉన్ని ఎక్కువ తాగుతుంది, బిగుసుకున్న చెయ్యి ఒక్కసారిగా పిండేస్తుంది, గుడ్డ మీద చెరువే. ఉన్ని రేగిపండంత చుట్టి, దానికి పైన పుల్లకి సైకిలు ట్యూబు ముక్క తొడిగి లావు చేశాక కుదిరింది.

గీత చెడినప్పుడు తప్పు ఎవరిదో చూడాలి. మొదట్లోనే బొట్టు పడితే ముంచాక కలాన్ని గిన్నె అంచుకి ఆనించి దించలేదన్నమాట. చివర బొట్టు పడితే వేళ్ళు వదలలేదు. గీత మధ్యలో పూసలు పూసలుగా లావెక్కితే చెయ్యి అలిసి బిగుసుకుంటోంది, అక్కడితో ఆ పూట ఆపాలి. గీత రెండు పక్కలా పాకితే చేతి తప్పు లేదు, పాలు పలచనయ్యాయి, లేదా గుడ్డ ఇంకా తడిగా ఉంది. చెయ్యి దెబ్బతిన్నవాళ్ళు అన్ని తప్పులూ తమ చేతి మీదే వేసుకుంటారు. పాల తప్పు పాలదే.

చెయ్యి కలం మీద బిగుసుకుపోయినప్పుడు వేళ్ళ కొసలు పట్టుకుని విప్పబోతే ఇంకా బిగుస్తాయి. మోచెయ్యి బల్ల మీద ఆనించి, మణికట్టును బల్ల అంచు కిందికి వాల్చాలి. మణికట్టు వంగితే వేళ్ళు వాటంతట అవే కొంత తెరుచుకుంటాయి. అప్పుడు బొటనవేలిని దాని మొదలు దగ్గర పట్టుకుని మెల్లగా పక్కకి తీస్తే మిగతావి వస్తాయి. చలి, కోపం, తొందర, ఈ మూడూ బిగువు పెంచుతాయి. అందుకే నాకు ఎండపొద్దు ఎక్కాక ఇరవై నిమిషాలు, సాయంత్రం ఇరవై నిమిషాలు. అంతకు మించి చేసిన రోజున రాత్రి అన్నం ముద్ద కూడా చేతిలోంచి దిగలేదు.

కింద కూర్చుని వాలుపలక మీద వేసుకోవడం వ్రాతపనిలో అలవాటు. పక్షవాతం కాలుతో కింద కూర్చుంటే లేవడమే ఒక పనవుతుంది. మోచేతి ఎత్తుకి వచ్చే బల్ల, దాని మీద పాత దుప్పటి మడత, గుడ్డ జారకుండా అంచున ఎడమ చెయ్యి.

ఎరుపు సంగతి వేరు. ఎర్రబడాల్సిన చోట పటిక నీళ్ళు పూసి, ఒక రోజు ఆగి, పారే నీళ్ళలో జాడించాలి. నిలవ నీళ్ళలో ముంచితే వదులైన పటిక తెల్లచోట్లకి ఎక్కి, అక్కడా ఎర్రబడుతుంది. పూర్వం దీనికి స్వర్ణముఖి నది ఉండేది. ఏడాదిలో ఎక్కువ రోజులు అందులో ఇసుకే కాబట్టి ఇప్పుడు బోరు గొట్టం కింద. తడిసిన గాడా బరువు, కింద జారుడు నేల, ఈ రెండూ ఊగే కాలికి పడవు. ఆ తర్వాత మంజిష్ఠ (ఎర్రరంగునిచ్చే వేరు) నీళ్ళలో మరిగించాలి. నా కుడి చేతికి కదలిక వచ్చినంతగా స్పర్శ రాలేదు, వేడి ఆలస్యంగా తెలుస్తుంది. ఒకసారి బొబ్బ కనిపించాకే కాలిందని తెలిసింది. స్పర్శ తగ్గిన చేతితో నీళ్ళ వేడి చూడొద్దు, పొయ్యి దగ్గర ఎడమ చెయ్యే.

ఇప్పుడు బల్ల మీద అరమీటరు గుడ్డ ఉంది. చెట్టు, రెండు చిలకలు. కొమ్మలన్నీ కుడి చేతివి, చిలకల కళ్ళు మాత్రం ఎడమ చేతివి. పటిక నిన్న పూశాను. ఆదివారం మా తమ్ముడి కొడుకు వస్తాడు, జాడించడం, మరిగించడం వాడి పని.