పుట్టిన వేళా, నిర్ణయం తీసుకునే తీరూ

మా విజయనగరం వైపు బిడ్డ పుట్టిందనగానే వేళ చూసి రాసిపెట్టుకోవడం ఇంటి పెద్దలు మరచిపోని పని. అలా రాయించిన జాతకాన్ని పెళ్ళి సంబంధం వచ్చినప్పుడో, ఉద్యోగం కుదురుకోనప్పుడో, ఇల్లు కట్టేటప్పుడో బయటికి తీస్తారు. ఏం జరగబోతోందన్నదే అప్పుడు అడిగే ప్రశ్న. ఈ మనిషి ఏ తీరుగా పనిచేస్తే ఒంట్లో సత్తువ నిలుస్తుంది, ఏ తీరుగా నిర్ణయం తీసుకుంటే తరువాత లోపల పీకులాట ఉండదు అని తెలుసుకోవడానికి జాతకం తీసినవారు మా బంధువర్గంలో నాకు కనబడలేదు. హ్యూమన్ డిజైన్ అనే పద్ధతి మీద నాకు శ్రద్ధ కలిగింది ఈ రెండో ప్రశ్న వల్లనే.

ఈ పద్ధతి ప్రాచీనమైనది కాదు. 1948లో కెనడాలోని మాంట్రియల్‌లో పుట్టిన అలన్ రాబర్ట్ క్రాకోవర్, 1987 జనవరిలో స్పెయిన్‌కు చెందిన ఇబిజా దీవిలో ఎనిమిది రోజుల పాటు ఒక స్వరం తనకు దీన్ని వినిపించిందని చెప్పి, రా ఉరు హు అన్న పేరుతో 2011లో మరణించే వరకు బోధించాడు. చైనా వారి ప్రాచీన శకున గ్రంథమైన ఐ చింగ్‌లోని 64 చిహ్నాలు, పాశ్చాత్య జ్యోతిషం, యూదుల మార్మిక సంప్రదాయమైన కబ్బాలాలోని జీవవృక్షం, మన యోగంలోని చక్రాల భావన, ఈ నాలుగూ ఇందులో కలిశాయి. మనిషి ఆకారం మీద 9 కేంద్రాలు, 64 ద్వారాలు, వాటిని జతచేసే 36 మార్గాలు గీసి, పుట్టిన క్షణంలో గ్రహాలు ఉన్న చోట్లను, దానికి ముందు సూర్యుడు 88 డిగ్రీలు వెనుక ఉన్నప్పటి, అంటే సుమారు మూడు నెలల కిందటి, చోట్లను బట్టి అందులో రంగులు నింపుతారు. ఇలా తయారైన పటాన్నే ఇకపై చక్రం అంటాను. మొదటివి మనకు తెలిసిన స్వభావమనీ, రెండోవి మనకు తెలియకుండా శరీరంలో పనిచేసేవనీ వారి వివరణ.

అలా రంగు నిండిన కేంద్రాలను బట్టి మనుషులను జనరేటర్, మానిఫెస్టింగ్ జనరేటర్, ప్రొజెక్టర్, మానిఫెస్టర్, రిఫ్లెక్టర్ అని ఐదు రకాలుగా విభజిస్తారు. ఈ రకాల వర్ణనలు పేజీలకు పేజీలు ఉంటాయి. వాటికంటే నాకు విలువైనదిగా తోచింది అథారిటీ అన్న చిన్న భాగం. నిర్ణయం మనలో ఎక్కడ పుడుతుంది, దానికి ఎంత వ్యవధి కావాలి అన్నది అది చెబుతుంది.

శ్రీకాకుళంలో ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణం నడిపే మా తమ్ముడి చక్రం అతణ్ణి శాక్రల్ అథారిటీ గల, అంటే పొత్తికడుపు దగ్గరి కేంద్రం నుంచి నిర్ణయం పుట్టే, జనరేటర్ అంటుంది. అటువంటివారు తమంతట తాము మొదలుపెట్టడం కంటే ఎదురుగా వచ్చినదానికి స్పందించడంలో సమర్థులనీ, ఆ స్పందన మాటల కంటే ముందు పొట్టలోంచి వచ్చే చిన్న శబ్దంగా వినబడుతుందనీ, అందుచేత వారిని అవును, కాదు అని తేలే ప్రశ్నలే అడగాలనీ ఈ పద్ధతి చెబుతుంది. ఇది చదివిన తరువాత నేను మా అమ్మ ప్రశ్నలను గమనించడం మొదలుపెట్టాను. "ఏటి సేద్దామనుకుంటన్నావు?" అని అడిగితే తమ్ముడు ఏళ్ళ తరబడి తల వంచుకొని ఊరుకునేవాడు, దాన్ని ఇంట్లో అందరూ నిర్లక్ష్యం అనుకునేవారు. "రేపు ఆమదాలవలస ఎల్తావా?" అని అడిగితే మాత్రం ప్రశ్న పూర్తి కాకముందే 'ఊ' అనో 'ఊహూఁ' అనో వచ్చేది, ఆ జవాబు ఆ తరువాత మారేది కాదు. ఇప్పుడు మా మరదలు దుకాణం సంగతులు కూడా అలాగే అడుగుతుంది. ఈ సీజనుకు కొత్త రకం ఫ్యాన్లు తెప్పించాలా, పాత బాకీ వసూలుకు ఈ వారం వెళ్ళాలా అని ఒక్కొక్కటిగా అడిగి, వెంటనే వచ్చిన శబ్దాన్నే జవాబుగా తీసుకుంటుంది. ఆ ఇంట్లో మాటామాటా పెరగడం బాగా తగ్గింది. చక్రం లేకుండా కూడా ఈ సంగతి కనిపెట్టవచ్చు, నిజమే. కానీ మేమంతా అతని మౌనాన్నే చూస్తూ ఉన్నప్పుడు, అడిగే తీరును చూడమని చెప్పింది ఆ చక్రమే.

నాది సోలార్ ప్లెక్సస్ అథారిటీ, అంటే భావాల కేంద్రం నుంచి నిర్ణయం పుట్టే తీరు. ఇటువంటివారి భావాలు అలలాగా ఎగసి పడుతుంటాయి కాబట్టి, ఉత్సాహం ఉచ్చస్థితిలో ఉన్నప్పుడు గానీ, మనసు కుంగినప్పుడు గానీ నిర్ణయించకూడదని వారి నియమం. నెల్లిమర్ల దారిలో ఒక ఇంటి స్థలం చూసినప్పుడు, సాయంత్రంలోగా బయానా ఇవ్వకపోతే మరొకరికి వెళ్ళిపోతుందని మధ్యవర్తి తొందరపెట్టినా, నేను గడువు అడిగి తీసుకున్నాను. మొదటి రాత్రి అక్కడ నాటబోయే మొక్కల దాకా ఆలోచన సాగింది. మరునాటికి లింకు దస్తావేజుల్లో ఏదో లోపం ఉంటుందన్న భయం పట్టుకుంది. ఆ రెండూ సద్దుమణిగిన తరువాత ఈసీ తీయించి చూడగా, దారి వెడల్పు ఒక్కటే తేలవలసిన విషయంగా మిగిలింది. అది తేలాక కొన్నాను. ఆ రోజు నాలో ఉబ్బూ లేదు, బెంగా లేదు. నాకు స్పష్టత ఎలా ఉంటుందో నేను గుర్తుపట్టింది అప్పుడే.

అలాగని ఈ పద్ధతి చెప్పే కారణాలను నేను అంగీకరించను. సూర్యుడి నుంచి వచ్చే న్యూట్రినోలనే అతిసూక్ష్మ కణాలు పుట్టుకలో మన మీద ముద్ర వేస్తాయని వారంటారు. న్యూట్రినోలు పదార్థంతో దాదాపు ఏ సంబంధమూ పెట్టుకోకుండా దూసుకుపోతాయని భౌతికశాస్త్రం చెబుతుంది. వర్ణనల విషయంలో 1948లో అమెరికా మనస్తత్వవేత్త బెర్‌ట్రమ్ ఫోరర్ చేసిన పరీక్షను గుర్తుంచుకోవాలి. ఆయన 39 మంది విద్యార్థులకు ఒకే వర్ణనను ఎవరికి వారికి ప్రత్యేకంగా రాసినట్టు ఇస్తే, అది తమకు సరిపోయిందంటూ వారు వేసిన మార్కుల సగటు 5కు 4 దాటింది. అందుకే నేను నా వర్ణనలోనూ, తమ్ముడి వర్ణనలోనూ పేర్లు తీసేసి చదివి చూసుకున్నాను. అతని రకం గురించి రాసిన మంచి మాటల్లో చాలా భాగం నాకూ అతికినట్టే అనిపించింది. నిర్ణయం గురించిన భాగం మాత్రం అతకలేదు, ఎందుకంటే వెంటనే 'ఊ' అన్న పనులను నేను మరునాడు ఎన్నోసార్లు వెనక్కి తీసుకున్నాను. నిత్యజీవితంలో పరీక్షకు నిలబడగలిగే ఆ భాగాన్నే ఉంచుకొని తక్కినది పక్కన పెట్టాను.

లెక్క విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఒక్కో ద్వారం 5.625 డిగ్రీలు, సూర్యుడికి దాన్ని దాటడానికి ఆరు రోజులకు కాస్త తక్కువ, చంద్రుడికి సుమారు పది గంటలు పడుతుంది. బొబ్బిలి దగ్గరి పల్లెల్లో ఇళ్ళలోనే పుట్టిన పాతతరం వారి వేళ కోడి కూతతోనో, రాయగడ ప్యాసింజరు వెళ్ళిన సమయంతోనో ముడిపడి ఉంటుంది. అటువంటివారికి వేళను ఒక గంట ముందుకూ, ఒక గంట వెనక్కూ జరిపి చక్రం తీయించి, మూడింటిలోనూ మారకుండా నిలిచినదాన్నే లెక్కలోకి తీసుకోమంటాను. మన పంచాంగపు గ్రహస్థానాలను ఇందులో వాడకూడదు. మనది నక్షత్రాలను ఆధారంగా లెక్కించే నిరయనం, వారిది వసంత విషువత్తు నుంచి లెక్కించే సాయనం, రెండింటి మధ్య తేడా దాదాపు 24 డిగ్రీలు.

ఈ మధ్య మా పిన్ని, తన కూతురికి వచ్చిన సంబంధం విషయంలో 36 గుణాల పొంతనతో పాటు దీన్ని కూడా చూసి చెప్పమని అడిగింది. ఇద్దరి చక్రాలనూ కలిపి చూసే విధానం ఇందులోనూ ఉంది. అయినా ఒక అబ్బాయిని కాదనడానికి గానీ, ఔననడానికి గానీ ఇందులో ఆధారం లేదని ఆమెకు స్పష్టంగా చెప్పాను. వాళ్ళిద్దరినీ ఒకసారి కూర్చోబెట్టి మాట్లాడనిమ్మన్నాను. పెద్ద విషయాల్లో ఎవరు వెంటనే చెప్పగలరు, ఎవరికి నాలుగు రోజులు కావాలి అన్నది ఒకరినొకరు అడిగి తెలుసుకోమని చెప్పాను. పిన్ని ఆ అబ్బాయి పుట్టిన వేళ రాసి ఉన్న కాగితాన్ని తిరిగి సంచిలో పెట్టుకొని, వచ్చే ఆదివారం వాళ్ళను భోజనానికి పిలుస్తానంది.