మేడ మీద సిమ్యులేషన్

నిన్న రాత్రి కరెంటు పోయేసరికి తత్వవేత్త నిక్ బోస్ట్రమ్ 2003 వ్యాసం సగంలో ఉన్నాను. మనం కంప్యూటర్ సిమ్యులేషన్‌లోనే, అంటే కంప్యూటర్ నడిపే ఉత్తుత్తి లోకంలోనే, ఉన్నామని ఆయన తేల్చేశాడనుకునేవాణ్ణి. కాదట. మూడింట్లో కనీసం ఒకటి నిజమై ఉండాలంటాడు: అలాంటి లోకాల్ని నడిపేంత కంప్యూటర్ శక్తి రాకముందే మనలాంటి నాగరికతలు దాదాపు అన్నీ అంతరించిపోతాయి, వచ్చినా దాదాపు ఏవీ పూర్వీకుల బతుకుల్ని నడిపి చూడాలనుకోవు, లేదా దాదాపు ఖాయంగా మనమే అలా నడుస్తున్న బతుకులం. మూడోదే అందరికీ గుర్తుంటుంది, పాపం.

మేడ మీద అమ్మమ్మకి చెప్పాను. "అంతా మాయే అని మేం ఎప్పట్నుంచో అంటున్నాం కదరా" అంది.

"మాయైతే జ్ఞానం వస్తే తొలగుతుందంటారు. ఇది తెలిసినా తొలగదే అమ్మమ్మా!"

"సర్లే, ఆ నడిపేవాడెవడో ముందు కరెంటు ఇమ్మను, దోమలు పీకేస్తున్నాయి" అని విసనకర్ర నా చేతిలో పెట్టింది.