సౌండు మరీ ముందుగా తోసేస్తే బాక్సు పట్టుకోలేదు

విజయనగరంలో సిరిమానోత్సవం, శ్రీకాకుళంలో అరసవల్లి రథసప్తమి లోకల్ కేబుల్‌లో లైవ్ వచ్చేటప్పుడు ఒక తంటా కనబడుతుంటుంది. బొమ్మ శుభ్రంగా ఉంటుంది, సౌండు మాత్రం టక్కు టక్కుమని తెగుతుంది. అదే స్ట్రీముని కంట్రోల్ రూములో కంప్యూటర్ మీద వీఎల్‌సీ ప్లేయర్‌లో పెడితే ఏ లోపమూ ఉండదు. దాంతో బాక్సులదే తప్పని తేల్చేస్తారు. ముందు చూడాల్సింది మల్టీప్లెక్సర్‌ని, అంటే వీడియోనీ ఆడియోనీ ప్యాకెట్లుగా కలిపి ఒకే స్ట్రీముగా పంపేదాన్ని (క్లుప్తంగా మక్స్). వీఎల్‌సీ నెట్‌వర్కు స్ట్రీముని మామూలుగా ఒక సెకను దాచుకుని ఆడిస్తుంది, దానికి కంప్యూటర్ మెమరీ అంతా అందుబాటులో ఉంటుంది. సెట్‌టాప్ బాక్సుకి అంత వెసులుబాటు లేదు.

అలా కలిపిన స్ట్రీముని ట్రాన్స్‌పోర్ట్ స్ట్రీము (టీఎస్) అంటారు. దాని ప్రమాణం, అంటే ఐఎస్‌ఓ/ఐఈసీ 13818-1, స్టీరియో ఆడియోకి రిసీవర్‌లో ఇచ్చిన ప్రధాన బఫర్ (డీకోడ్ అయ్యేదాకా డేటా ఆగే చోటు) 3,584 బైట్లే. దానికి ముందు 512 బైట్ల ట్రాన్స్‌పోర్ట్ బఫర్ ఒక గరాటులా ఉంటుంది. అందులోంచి సెకనుకి 20 లక్షల బిట్లు, అంటే మిల్లీసెకనుకి 250 బైట్లు మాత్రమే కిందికి దిగుతాయి. బాక్సు కంపెనీలు ఇంతకన్నా ఎక్కువ ఇవ్వొచ్చు గానీ, ఇస్తాయన్న నమ్మకంతో మక్స్ చెయ్యకూడదు.

ఈ బైట్లని ఎప్పుడూ మిల్లీసెకన్లలోకి మార్చి చూసుకోవాలి. 48 కిలోహెర్ట్జ్ ఎంపెగ్ లేయర్-2 ఆడియోలో ఒక ఫ్రేము 1,152 శాంపిళ్లు, అంటే 24 మిల్లీసెకన్లు. 192 కేబీపీఎస్ దగ్గర ఫ్రేము 576 బైట్లు, మిల్లీసెకనుకి 24 బైట్లు. 3,584ని 24తో భాగిస్తే 149 మిల్లీసెకన్లు. ఆడియోని దాని సమయానికి అంతకన్నా ముందు పంపే వీల్లేదు. 384 కేబీపీఎస్‌కి వెళ్తే అది 75 లోపుకి పడిపోతుంది. బిట్‌రేటు పెంచగానే సౌండు తెగడం మొదలైందంటే కారణం ఇదే అయ్యుండొచ్చు.

అసలు చిక్కు వీడియోతో వస్తుంది. ఆడియో ఎన్‌కోడర్ పని కొద్ది ఫ్రేముల్లో అయిపోతుంది. వీడియోకి మాత్రం రేటు కంట్రోలు (బిట్‌రేటుని అదుపులో ఉంచడం), బీ-ఫ్రేములు (ముందూ వెనకా ఫ్రేముల మీద ఆధారపడేవి), డీకోడర్ బఫరు నిండడం అన్నీ కలిసి అర సెకను నుంచి ఒక సెకను పడుతుంది. మల్టీప్లెక్సర్ వచ్చింది వచ్చినట్టు పంపితే ఆడియో తన వంతుకి 700 మిల్లీసెకన్ల ముందే బాక్సుకి చేరుతుంది. అంటే 3,584 పట్టే చోట 16,800 బైట్లు. మిగిలినవి పారబోయడం తప్ప బాక్సుకి దారి లేదు. కాబట్టి ఆ ఆలస్యాన్ని మల్టీప్లెక్సర్ తన సొంత క్యూలోనే భరించాలి. రెండు సెకన్లకి 48,000 బైట్లు చాలు, సర్వర్‌కి అది లెక్కలోకి రాదు. ఎఫ్ఎఫ్ఎంపెగ్ (ఉచిత ఎన్‌కోడింగు సాఫ్ట్‌వేరు) వాడేవాళ్లు గుర్తుంచుకోవాలి: దాని టీఎస్ మక్సర్ ఈ బఫర్ లెక్క కట్టదు, పైగా మక్స్‌డిలే (డీకోడ్ సమయానికి ఎంత ముందుగా పంపొచ్చన్న హద్దు) డిఫాల్టు 0.7 సెకన్లు.

ఆడియో ఫ్రేముల్ని ముందు పీఈఎస్ అనే పెద్ద ప్యాకెట్టులో పెట్టి, దాన్ని చిన్న టీఎస్ ప్యాకెట్లుగా కోస్తారు. ఇక పీఈఎస్ ప్యాకెట్టులో ఎన్ని ఫ్రేములు పెట్టాలి? హెడ్డరు పీటీఎస్‌తో (ఫ్రేముని ఎప్పుడు వినిపించాలో చెప్పే సమయం) కలిపి 14 బైట్లు, ఒక్కో టీఎస్ ప్యాకెట్టులో పేలోడు (మోసుకెళ్లే డేటా) 184 బైట్లు. ఒక్క ఫ్రేమే పెడితే 590 బైట్లకి 4 ప్యాకెట్లు కావాలి, 146 బైట్లు స్టఫింగుకి, అంటే ఖాళీ నింపడానికి, పోతాయి. లైను మీద 192 కాస్తా దాదాపు 251 కేబీపీఎస్ అవుతుంది. మూడు ఫ్రేములైతే 1,742 బైట్లు, 10 ప్యాకెట్లు, 209 కేబీపీఎస్. అయిదైతే 2,894 బైట్లు, 16 ప్యాకెట్లు, 200.5 కేబీపీఎస్. ఎఫ్ఎఫ్ఎంపెగ్ డిఫాల్టు 2,930 బైట్లు కూడా ఈ 16 ప్యాకెట్ల లెక్కే. పొదుపు చూసి అయిదుకి వెళ్లాలనిపిస్తుంది గానీ మా ఓటు మూడుకే. కొన్ని బాక్సులు పీఈఎస్ మొత్తం చేరేదాకా డీకోడింగు మొదలుపెట్టవు. అయిదు ఫ్రేములంటే 120 మిల్లీసెకన్లు, ఉన్న 149లో అది పోతే మిగిలేది చాలా తక్కువ. ఎనిమిదిన్నర కేబీపీఎస్ కోసం అంత తెగింపు అక్కర్లేదు.

మూడు ఫ్రేముల పీఈఎస్‌ని ఇలా పంపండి. మొదటి ప్యాకెట్టు పీటీఎస్‌కి 100 మిల్లీసెకన్ల ముందు వెళ్లాలి. మిగతా తొమ్మిదీ 7.2 మిల్లీసెకన్లకి ఒకటి చొప్పున. అప్పుడు బఫర్ గరిష్ఠంగా 2,624 బైట్ల దగ్గర ఆగుతుంది, 960 బైట్ల ఖాళీ ఉంటుంది. పదింటినీ వరసగా గుప్పిస్తే గరాటు దగ్గరే పొర్లుతుంది: 8 ఎంబీపీఎస్ మక్స్‌లో ఒక ప్యాకెట్టు రావడానికి 0.188 మిల్లీసెకను, ఆ లోపు దిగేది 47 బైట్లు, నికరంగా 141 పేరుకుంటాయి. మూడు ప్యాకెట్లకి 423, నాలుగోదానికి 564. 38 ఎంబీపీఎస్‌లో అయితే మూడోదే పొర్లుతుంది. టీఆర్ 101 290 (ప్రసార స్ట్రీముల తనిఖీకి మార్గదర్శక పత్రం) ప్రకారం చూసే ఎనలైజర్‌లో ఈ బఫర్ తప్పులు మూడో ప్రాధాన్యం కింద ఉంటాయి, అందుకే చాలామంది అక్కడిదాకా చూడరు. తప్పకుండా చూడండి.

ఆడియో లేయర్-2 కాక ఏఏసీ (ఫ్రేము సైజు మారుతుండే ఇంకో ఫార్మాట్) అయితే ఫ్రేములు లెక్కపెట్టి లాభం లేదు. 128 కేబీపీఎస్ దగ్గర సగటు 341 బైట్లే గానీ, స్టీరియో ఫ్రేము 1,536 దాకా పోవచ్చు. తంబురా శ్రుతి మీద చిన్నగా ఉండే ఫ్రేము, తప్పెటగుళ్లు ఒక్కసారి మోగగానే ఉబ్బుతుంది. అందుకే ప్రతి ఫ్రేము సైజూ పీటీఎస్ ఒక జాబితాలో పెట్టుకోవాలి. ప్యాకెట్టు పంపే ముందు, సమయం దాటిన ఫ్రేముల బైట్లు తీసేసి, మిగిలినదానికి కొత్త పేలోడు కలిపి, 3,584 దాటితే ఆ స్లాటు వీడియోకో నల్ (ఖాళీ) ప్యాకెట్టుకో ఇచ్చెయ్యాలి. ఇక్కడ సమయమంటే గోడ గడియారం కాదు, పీసీఆర్ (స్ట్రీములోనే వెళ్లే గడియారం) లెక్క: ప్యాకెట్టు సంఖ్య ఇంటూ 1,504 బిట్లు, భాగించు మక్స్ రేటు.

పీటీఎస్ లెక్కలో ఇంకో గొయ్యి ఉంది. పీటీఎస్‌ని సెకనుకి 90,000 టిక్కుల లెక్కన కొలుస్తారు. 48 కిలోహెర్ట్జ్ ఏఏసీలో ఫ్రేముకి సరిగ్గా 1,920 టిక్కులు. 44.1లో 2,089.796. దాన్ని 2,090గా చుట్టేసి కలుపుకుంటూ పోతే గంటకి 350 మిల్లీసెకన్లు సౌండు వెనకబడుతుంది. మొదటి నుంచీ వచ్చిన శాంపిళ్ల మొత్తాన్ని 90,000తో గుణించి 44,100తో భాగించండి, చుట్టడం ఆఖర్న ఒక్కసారే. అలాగే మిక్సర్ నుంచి వేరే యూఎస్‌బీ కార్డు ద్వారా ఆడియో తీసుకుంటే రెండు గడియారాలు పనిచేస్తుంటాయి. 50 పీపీఎం (పది లక్షల్లో 50 వంతులు) తేడాకే గంటకి 180 మిల్లీసెకన్లు, మన 149 కన్నా ఎక్కువ. సిరిమాను చదురుగుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరిగే లైవ్ గంటలకొద్దీ సాగుతుంది కాబట్టి, ఆడియోని కెమెరా ఎస్‌డీఐలోకే (వీడియో కేబుల్ సిగ్నల్‌లోకే) ఎంబెడ్ చెయ్యడం మేలు. కుదరకపోతే రీశాంప్లర్ (శాంపిళ్ల వేగాన్ని సర్దేది) పెట్టాలి.

మధ్యలో లోకల్ ప్రకటన వేసేటప్పుడు బఫర్ లెక్కని సున్నా చెయ్యకండి. పాత ఫ్రేములు తమ పీటీఎస్ వచ్చేదాకా బాక్సులోనే ఉంటాయి, వాటి మీద కొత్త క్లిప్పుది ఇంకో 100 మిల్లీసెకన్లు పోస్తే 3,584 దాటిపోతుంది. ప్రకటన మొదటి ఫ్రేముకి ముందు ఫ్రేము పీటీఎస్ మీద 2,160 టిక్కులు కలిపి ఇవ్వండి, లేయర్-2 అయితే. చిన్న ఖాళీ వచ్చినా బాక్సు మ్యూట్ చేసి సర్దుకుంటుంది, రెండు ఫ్రేముల సమయాలు ఒకదానిమీద ఒకటి మాత్రం పడనివ్వకండి.