కాన్‌స్టాన్స్ గారి మంచిరోజులు

జర్మనీలోని ట్రియర్‌లో కాపురం పెట్టాక నాకు రోమన్ కంచు నాణేల పిచ్చి పట్టుకుంది. బంగారు నాణేల జోలికి పోను. అంత డబ్బు లేదు సరే, ఉన్నా కంచువే కొంటానేమో. రోజూ జనం చేతుల్లో నలిగినవి ఇవే కదా.

ఇప్పుడు నా బల్ల మీద ఉన్నది కాన్‌స్టాన్స్ చక్రవర్తిది. క్రీ.శ. 348లో మొదలైన రకం. సైజు సుమారు 20 మిల్లీమీటర్లు. బొమ్మ వైపు ఆయన ఎడమకు తిరిగి, చేతిలో గోళం పట్టుకుని ఉన్నాడు. బొరుసు వైపు చూడాలి. ఒక చెట్టు, దాని కింద గుడిసె. ఈటె పట్టిన సైనికుడు ఒక చిన్న మనిషిని చెయ్యి పట్టుకుని అందులోంచి బయటికి తెస్తున్నాడు. చుట్టూ 'ఫెల్ టెంప్ రెపరాటియో', అంటే మంచిరోజులు తిరిగొచ్చాయని. అడుగున టీఆర్‌పీ అని మూడక్షరాలు. టీవీ వాళ్ల టీఆర్‌పీ కాదు, మా ట్రియర్ టంకశాల గుర్తు.

ఆ చిన్న మనిషి పిల్లాడు కాకపోవచ్చు. రోమన్లు ఓడినవాళ్లను పొట్టిగా చెక్కడం మామూలే. సామ్రాజ్యం లోపలికి తరలించిన ఫ్రాంకులనే జర్మానిక్ తెగవాళ్ల బొమ్మ అని కొందరు పండితుల మాట. భూతద్దం పెట్టి చూస్తే సైనికుడి అడుగు ముందుకు, తల వెనక్కి ఉన్నాయి. కాపాడుతున్నాడని చక్రవర్తి చెప్పుకోవచ్చు గానీ, నాకైతే ఈడ్చుకుపోతున్నట్టే ఉంది.

కాన్‌స్టాన్స్ వాళ్ల అన్న రెండో కాన్‌స్టాంటియస్ నాణేల మీదా ఇదే నినాదం. అక్కడ ఎక్కువగా కనిపించేది గుర్రంతో సహా కూలిపోతున్న రౌతు, అతన్ని పొడుస్తున్న సైనికుడు. ఇవీ మంచిరోజులే! ఈ వరుసలో, బూడిదలోంచి మళ్లీ పుడుతుందనే ఫీనిక్స్ పక్షి ఉన్న బుల్లి నాణెం ఒక్కటే ఆ మాటకు అతికినట్టుంటుంది.

వీడియో కాల్‌లో చూపిస్తే అమ్మ, "ఆ చిలుమేంటే, చింతపండు పెట్టి తోమరాదూ, తళతళలాడుతుంది" అంది. గుండె ఆగినంత పనైంది. పులుపు తగిలితే ఆ ఆకుపచ్చ పొర పోతుంది, దాంతోపాటు నాణెం విలువా పోతుంది. డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, పుల్లతో మెల్లగా మట్టి గీకుతానంతే.

ఇంతకీ కాన్‌స్టాన్స్‌కు ఆ మంచిరోజులు రెండేళ్లే. 350లో ఆయన సేనాని మాగ్నెంటియస్ తిరుగుబాటు చేస్తే, పారిపోతూ పిరనీస్ కొండల దగ్గర చంపబడ్డాడు. తర్వాత మా టంకశాలలోనే, అదే టీఆర్‌పీ గుర్తుతో, మాగ్నెంటియస్ పేరిట కొత్త కంచు నాణేలు వచ్చాయి. వాటి మీద నినాదం: రాజ్యానికి సౌభాగ్యం. ఈసారి నాణేల సంతలో అదొకటి దొరుకుతుందేమో చూడాలి. మా ఆయనకు ఇంకా చెప్పలేదు.