ముందే వేసిన మార్కులు

సోమవారం, రాత్రి

పనికి బయలుదేరే ముందు చదివిన ఒక పాత ప్రయోగం ఈ రోజంతా నన్ను వదలలేదు. జాన్ డార్లీ, పేజెట్ గ్రాస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో జరిపి 1983లో ప్రచురించిన పరిశోధన అది. హన్నా అనే నాలుగో తరగతి పాపను వీడియోలో చూపించి, ఆమె చదువు ఏ స్థాయిలో ఉందో అంచనా వేయమని కొందరిని అడిగారు. ఆమె కలిగినవాళ్ళ బిడ్డ అనిపించేలా సగం మందికీ, లేనివాళ్ళ బిడ్డ అనిపించేలా మిగతా సగం మందికీ ఇల్లూ పరిసరాలూ చూపించారు. అంతవరకే చూసినవాళ్ళ అంచనాల్లో పెద్ద తేడా రాలేదు. తేడా అంతా ఆ పాప ప్రశ్నలకు జవాబులు చెబుతున్న మరో వీడియోను కూడా చూసినవాళ్ళ దగ్గరే వచ్చింది. ఆ రెండో వీడియో అందరికీ ఒక్కటే. అందులో ఆమె కష్టమైన ప్రశ్నలు కొన్ని సరిగ్గా చెబుతుంది, తేలికైనవి కొన్ని తప్పుతుంది. అయినా కలిగినింటి బిడ్డ అనుకుని చూసినవాళ్ళకు ఆమె తన తరగతిని మించిన తెలివిగల పిల్లగానూ, పేదింటి బిడ్డ అనుకుని చూసినవాళ్ళకు తరగతిని అందుకోలేని పిల్లగానూ కనిపించింది.

పేద పిల్లల గురించి జనానికి తెలియదు కాబట్టి చులకనగా మాట్లాడతారనీ, దగ్గరగా చూస్తే ఆ అభిప్రాయం మారుతుందనీ మనం తరచుగా అనుకుంటూ ఉంటాం. హన్నాను దగ్గరగా చూసినవాళ్ళు మాత్రం, చూడనివాళ్ళు చెప్పడానికి వెనకాడిన తీర్పును ధైర్యంగా చెప్పేశారు, ఎందుకంటే ఇప్పుడు వాళ్ళ చేతిలో సాక్ష్యం ఉంది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర, పేద పిల్లలకు నోటు పుస్తకాలు కొనిచ్చే విషయం చర్చకు వచ్చింది. అందరం తలా కొంత వేసుకుందామని ఎప్పటి నుంచో అనుకుంటున్నదే. "ఇవ్వడానికేముందండీ, ఇద్దాం. కానీ వాళ్ళకు చదువు మీద ధ్యాస ఉండదు, నాలుగు రోజుల్లో చింపి పారేస్తారు" అన్నారు ఒక సహోద్యోగి. మనిషి చెడ్డవాడు కాడు, అందరికంటే ఎక్కువ డబ్బు వేస్తానన్నదీ ఆయనే. అయితే అంతకు కాసేపటి ముందే ఆయన, తమ అబ్బాయి లెక్కల పుస్తకంలో సగం కాగితాలు చింపి విమానాలు చేశాడనీ, వాడిది పుట్టుకతోనే ఇంజినీరు బుర్ర అనీ మురిసిపోతూ చెప్పారు. చిరిగింది రెండు చోట్లా కాగితమే.

తరువాత ఫొటోల సంగతి వచ్చింది. పుస్తకాలు అందుకుంటున్న పిల్లలను వరుసగా నిలబెట్టి ఫొటో తీస్తే, డబ్బు ఇచ్చినవాళ్ళకు తృప్తిగా ఉంటుందట. తిరస్కారం కంటే ఈ జాలే నాకు ఎక్కువ భయం కలిగిస్తుంది, ఎందుకంటే దానికి ఎదురు చెప్పడం కష్టం. సాయం అందుకునే పిల్లవాడు పేదవాడిగా కనిపించి తీరాలి. శుభ్రంగా తల దువ్వుకుని, ఉన్నవాటిలో మంచి చొక్కా వేసుకుని వచ్చాడంటే, వీడు నిజంగా లేనివాడేనా అని అనుమానిస్తారు. మాసిన చొక్కాతో వస్తే తల్లిదండ్రులకు శుభ్రత తెలియదంటారు. ఈ పరీక్ష ఎలా నెగ్గాలో పిల్లలు చాలా చిన్న వయసులోనే నేర్చుకుంటారు. ఎంత నవ్వాలో, ఎప్పుడు తల దించుకోవాలో వాళ్ళకు ఎవరూ చెప్పనక్కరలేదు.

ఓర్పు విషయంలోనూ ఇదే తీరు. ఎదురుగా ఉన్న మిఠాయిని వెంటనే తినకుండా కాసేపు ఆగితే రెండోది ఇస్తామని చిన్నపిల్లలకు చెప్పి, మనస్తత్వ శాస్త్రవేత్త వాల్టర్ మిషెల్ స్టాన్‌ఫర్డ్‌లో చేసిన ప్రయోగం ప్రసిద్ధమైనది. ఆగగలిగిన పిల్లలే తరువాత చదువులో రాణించారన్న మాట ఎంతగా ప్రచారమైందంటే, పేదరికం నిగ్రహం లేకపోవడం వల్ల వస్తుందని వాదించేవాళ్ళకు అదొక ఆయుధమైంది. 2018లో మరింత ఎక్కువ మంది పిల్లల వివరాలతో తిరిగి పరిశీలించినప్పుడు, కుటుంబ నేపథ్యాన్ని లెక్కలోకి తీసుకోగానే ఆ సంబంధం చాలావరకు తగ్గిపోయింది. అంతకుముందే, 2013లో ప్రచురితమైన పరిశోధనలో సెలెస్ట్ కిడ్ బృందం ఇంకో సంగతి చూపించింది: బొమ్మలు వేసుకోవడానికి మంచి రంగులు తెస్తానని చెప్పి ఉత్త చేతులతో తిరిగి వచ్చిన మనిషి మిఠాయి గురించి మాట ఇస్తే పిల్లలు సగటున 3 నిమిషాలు ఆగారు, మాట నిలబెట్టుకున్న మనిషి కోసం 12 నిమిషాలు ఆగారు. రేపు ఉంటుందో లేదో తెలియని ఇంట్లో పెరిగిన పిల్లవాడు చేతికి అందినదాన్ని వెంటనే నోట్లో వేసుకోవడం నాకు తెలివితక్కువతనంగా అనిపించదు.

యునిసెఫ్, ప్రపంచ బ్యాంకు 2023లో ఇచ్చిన అంచనా ప్రకారం, అంతకుముందు సంవత్సరం రోజుకు 2.15 డాలర్ల కంటే తక్కువతో బతుకుతున్న పిల్లలు 33.3 కోట్లు, అంటే ప్రతి ఆరుగురిలో ఒకరు. ఇంతమందికీ ఒకే స్వభావం అంటగట్టడానికి చాలా సాహసం కావాలి, కానీ భోజనాల దగ్గర మేము ఆ పని ఏ శ్రమా లేకుండా చేసేశాం.

సాయంత్రం ఇంటికి వచ్చేటప్పుడు ఆ సహోద్యోగి నాతోపాటే నడిచారు. ఫొటోలు వద్దనీ, పుస్తకాలను టీచరుకు అప్పగిస్తే తరగతిలో అందరికీ ఒకేలా పంచుతారనీ చెప్పాను. "అప్పుడు ఉన్నవాళ్ళ పిల్లలకు కూడా ఇచ్చినట్టవుతుంది కదండీ" అన్నారాయన. అవుతుందనీ, నాకు కావలసింది అదేననీ అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. డబ్బు మాత్రం రేపు ఇస్తానన్నారు.