బాపును ముందే అడగండి

పెళ్లి సంబంధానికైనా, ఇల్లు కట్టడానికైనా పెద్దమనుషులను పదిసార్లు అడిగే మనం, "బాపూ, నీకు సీరియస్ అయి మాట పడిపోతే ఏం చేయమంటవ్?" అని మాత్రం అడగం. అడిగితే ఇంట్లో అందరూ మీద పడతారు, అవేం మాటలని. ఆ తర్వాత హన్మకొండలో ఏదో ఐసీయూ బయట పెద్దకొడుకు చేతికి ఫారం ఇచ్చి వెంటిలేటర్ పెట్టమంటారా అని అడుగుతారు. మేనత్త పెట్టమంటుంది, చిన్నాయన వద్దంటాడు, అమెరికాలో ఉన్న తమ్ముడు ఫోన్‌లో ఏడుస్తుంటాడు, లోపల పడుకున్న మనిషి మనసులో ఏముందో ఒక్కరికీ తెలియదు.

అమెరికాలో నల్లజాతి కుటుంబాల్లో కూడా, మాట పడిపోతే ఏ వైద్యం కావాలో ఏది వద్దో ముందే కాగితం మీద రాసిపెట్టుకునేవాళ్లు తెల్లవాళ్లతో పోలిస్తే తక్కువే. వాళ్లకు తెలియక కాదు, నమ్మకం లేక. 1932 నుంచి 1972 దాకా అలబామాలోని టస్కీగీలో, సిఫిలిస్ అనే సుఖవ్యాధి ఉన్న 399 మంది నల్లజాతి మగవాళ్లకు అసలు జబ్బేంటో చెప్పకుండా, పెన్సిలిన్ మందు వచ్చాక కూడా ఇవ్వకుండా, జబ్బు ఎటు పోతుందో చూస్తూ కూర్చున్నది సాక్షాత్తు అక్కడి ప్రభుత్వ ఆరోగ్య శాఖే. అలాంటి వాళ్ల ముందు ఆస్పత్రి కాగితం పెడితే, వైద్యం ఎగ్గొట్టడానికే అనుకోరా? అందుకే అక్కడ ఈ ముచ్చట చర్చిలో, పాస్టర్లతో, తమ మనుషులైన నర్సులతో చెప్పిస్తున్నారు. పైగా ఆ కాగితంలో "చివరిదాకా అన్ని వైద్యాలూ చేయండి" అని కూడా రాసుకోవచ్చు, ఇది చాలామందికి తెలియదు.

మన భయం వేరు. మిషన్ల మీద పెట్టి బిల్లు పెంచుతారని కొందరికి, వద్దంటే "తండ్రిని చంపుకున్నడు" అంటారని ఇంకొందరికి. రెండింటికీ మందు ఆ మనిషి తన నోటితో చెప్పిన మాటే. మన ఊళ్లలో ఆ మాట మహిళా సంఘం మీటింగులో, బాగా తెలిసిన ఆశా అక్క నోట వస్తే జనం వింటారని నా గట్టి నమ్మకం.

చట్టం అడ్డం లేదు. సుప్రీంకోర్టు 2018 మార్చి 9న లివింగ్ విల్‌ను, అంటే ఇలా ముందే రాసిపెట్టుకునే కాగితాన్ని, ఒప్పుకుంది, 2023 జనవరిలో పద్ధతి తేలిక చేసింది. మేజిస్ట్రేట్ దాకా పోనక్కర్లేదు, ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెట్టి నోటరీతోనో గెజిటెడ్ ఆఫీసర్‌తోనో ధ్రువీకరణ చేయిస్తే చాలు. ఆ రోజు వస్తే వైద్యం ఆపాలా వద్దా అన్నది ఒక్క డాక్టర్ తేల్చేది కాదు, రెండు మెడికల్ బోర్డులు చూడాలి.

కాగితం తర్వాత, ముందు అడగండి. మా అమ్మనైతే చిక్కుడుకాయ ఈనెలు తీస్తుండగా అడిగిన. తల ఎత్తకుండానే చెప్పింది: "నొప్పి ఉండొద్దు. మిమ్మల్ని గుర్తుపట్టే తెలివి నాకు లేనప్పుడు గొట్టాలు పెట్టకుండ్రి. నా తరఫున మాట్లాడేది నీ చెల్లె, నువ్వు తొందరగ భయపడతవ్." అవే మాటలు రాయించినం, ఒక కాపీ చెల్లె దగ్గర ఉంది. మనసు మారితే మార్చి రాసుకోవచ్చని కూడా అమ్మకు చెప్పినం.